ఎనిమిది, హెచ్, ఎత్తు: డ్రైవింగ్ టెస్టు మన ఒంటిని అడిగే ప్రశ్నలు

"మూడో పోల్ ఎడమ అద్దంలో కనపడగానే స్టీరింగ్ ఫుల్ కొట్టండి మేడమ్. వెనక గీత కనిపించేదాకా వదలకండి."

హైదరాబాద్‌లో నాగోలు ట్రాక్ దగ్గరైనా, కొండాపూర్‌లోనైనా, జిల్లా కేంద్రాల్లోని రవాణా శాఖ ఆఫీసుల దగ్గరైనా పొద్దున్నే ఇలాంటి మాటలు వినిపిస్తాయి. టెస్టు ముందు డ్రైవింగ్ స్కూళ్లు చాలావరకు చేయించే చివరి తయారీ ఇదే. ఏ పోల్ దగ్గర ఎటు తిప్పాలో, ఎన్ని రౌండ్లు తిప్పాలో, ఎక్కడ చక్రాలు నిటారు చేయాలో బట్టీ పట్టించి పంపుతారు. ఆ బట్టీ పనిచేస్తుంది కూడా. కాకపోతే అదే కారు, అదే సీటు ఎత్తు, అదే అద్దం కోణం ఉన్నంతసేపే. సీటు రెండంగుళాలు ముందుకు జరిగితే చాలు, పోల్ అద్దంలో కనపడే చోటు మారిపోతుంది. లైసెన్సు చేతికొచ్చాక సొంత కారును అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య పెట్టాల్సి వచ్చినప్పుడు మూడో పోల్ పాఠం ఏమాత్రం అక్కరకు రాదు.

టెస్టులో ఏం చూడాలో చెప్పేది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 15వ నియమం. అందులో పోల్స్ లెక్క లేదు. అద్దం సరిచేసుకున్నారా, బండిని కుదుపు లేకుండా కదిలించారా, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించారా, ఇరుకు సందులోకి రివర్స్‌లో తిప్పగలిగారా, సిగ్నల్ ఇచ్చి లేన్ మారారా, ఉన్నట్టుండి ఆపాల్సి వస్తే ఆపగలరా అన్న తీరులో సాగుతుంది ఆ జాబితా. ట్రాక్ మీద గీసిన ఎనిమిది, హెచ్, ఎస్ ఆకారాలు, సిమెంటుతో కట్టిన ఆ ఎత్తు, ఈ జాబితాలో కొంత భాగాన్ని నేల మీదకి దించే ప్రయత్నం. ఒక్కో ఆకారం బండి కదలికలోని ఒక్కో సూత్రాన్ని పట్టుకుని మన చేతుల్ని, పాదాల్ని, కళ్లను ప్రశ్నిస్తుంది. ప్రశ్న ఏమిటో తెలిసినవాళ్లకు జవాబు ఏ కారులోనైనా, ఏ సందులోనైనా దొరుకుతుంది. నేర్చుకునేవాళ్లకు ఆ ప్రశ్నను చెప్పకుండా జవాబు మాత్రమే అప్పగించడం అన్యాయమని నా అభిప్రాయం.

అందరూ భయపడే హెచ్ ట్రాక్‌తోనే మొదలుపెడదాం. స్టీరింగ్ తిప్పితే కారులో ముందు చక్రాలు మాత్రమే పక్కకు తిరుగుతాయి, వెనకవి తిరగవు. ఈ ఒక్క సంగతిలోనే హెచ్ కష్టమంతా ఉంది. స్టీరింగ్ తిప్పి పట్టుకుంటే కారు ఒక వృత్తం మీద నడుస్తుంది. ఆ వృత్తానికి కేంద్రం వెనక ఇరుసును పక్కకు పొడిగిస్తే వచ్చే గీత మీద ఉంటుంది. నాలుగు చక్రాలూ ఆ కేంద్రం చుట్టే తిరగాలి కాబట్టి ఒక్కో చక్రానికి ఒక్కో వ్యాసార్ధం పడుతుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, ఎడమ, కుడి చక్రాల మధ్య 1.4 మీటర్లు, మలుపు వ్యాసార్ధం 4.7 మీటర్లు ఉన్న చిన్న కారును తీసుకుని లెక్క కడితే, మలుపు లోపలివైపు వెనక చక్రం ముందు చక్రం కన్నా దాదాపు 90 సెంటీమీటర్లు లోపలికి కోసుకుని పోతుంది. అంటే మూడడుగులు. ముందుకు పోతూ ఎడమకు తిరిగేటప్పుడు బానెట్ పోల్‌ను దాటింది కదా అని తిప్పేస్తే, ఎడమ వెనక తలుపు వెళ్లి ఆ పోల్‌కే తగులుతుంది. సందు మలుపుల్లో గోడలకు గీసుకున్న కార్లను చూడండి. గీత ఎక్కువగా వెనక తలుపు మీదే ఉంటుంది.

రివర్స్‌లో సంగతి తిరగబడుతుంది. వెనక ఇరుసు ముందు నడుస్తూ తక్కువ చోటులోనే తిరుగుతుంది కాబట్టి ఇరుకు సందులోకి దూరడానికి రివర్సే తేలిక. అందుకే పార్కింగ్ లోపలికి వెనక నుంచి వెళ్లమంటారు. కానీ ముందు భాగం వెడల్పుగా బయటికి ఊడ్చుకుంటూ వస్తుంది. పైన చెప్పిన కారులోనే బయటివైపు ముందు చక్రం బయటివైపు వెనక చక్రం దారికి సుమారు 65 సెంటీమీటర్లు అవతలగా పోతుంది. నేర్చుకునేవాళ్ల చూపంతా వెనక అద్దంలో ఇరుక్కుపోయి ఉన్న ఆ క్షణంలో ముందు బంపర్ కుడి మూల వెళ్లి పోల్‌ను పడేస్తుంది. ముందుకు పోయేటప్పుడు వెనక చక్రాన్ని, వెనక్కి పోయేటప్పుడు ముందు మూలను కనిపెట్టుకుని ఉండాలి. హెచ్ ట్రాక్ అడిగేది ఇదే.

ఇదే లెక్కలో ఇంకో విశేషం ఉంది. లోపలి ముందు చక్రం, బయటి ముందు చక్రం వేర్వేరు వృత్తాల మీద నడుస్తాయి కాబట్టి రెండూ ఒకే కోణంలో తిరిగితే టైర్లు నేల మీద ఈడ్చుకుపోతాయి. మన చిన్న కారుకి పూర్తి మలుపులో లోపలి చక్రం సుమారు 42 డిగ్రీలు తిరగాలి, బయటిది 31 డిగ్రీలే. దీన్ని సాధించే కడ్డీల అమరికను కనిపెట్టినవాడు మ్యూనిక్‌లో బండ్లు తయారుచేసే గియోర్గ్ లాంకెన్స్‌పెర్గర్. అతని తరఫున లండన్‌లో రుడాల్ఫ్ ఆకర్‌మాన్ 1818లో పేటెంట్ తీసుకోవడంతో ఆకర్‌మాన్ పేరే నిలిచిపోయింది. అప్పటికి మోటారు కారు ఇంకా పుట్టనేలేదు, అది గుర్రపు బండి కోసం చేసిన ఏర్పాటు. మీరు టెస్టులో తిప్పే స్టీరింగ్ కింద ఉన్నది ఆ ఆలోచనే.

మరి చేతులు ఎప్పుడు తిప్పాలి? ఇక్కడ తెలుసుకోవాల్సింది, కారు నడిచే దారిని నిర్ణయించేది ఎంత సమయం తిప్పామన్నది కాదు, ఎంత దూరంలో తిప్పామన్నది. స్టీరింగ్‌ను ఒక చివర నుంచి రెండో చివరకు తిప్పడానికి నాలుగు సెకన్లు పడుతుందనుకుందాం. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో ఆ నాలుగు సెకన్లలో కారు ఐదున్నర మీటర్లు పోతుంది, అంటే హెచ్‌లో ఒక గడి దాటిపోయినట్టే. గంటకు ఒక కిలోమీటరు వేగంలో అయితే మీటరుకు కాస్త ఎక్కువ, అంతే. హెచ్‌లో తప్పినవాళ్లలో చాలామందికి స్టీరింగ్ జ్ఞానం తక్కువై కాదు, వేగం ఎక్కువై పోల్ పడుతుంది.

ఆ ఒక్క కిలోమీటరు వేగం ఎలా వస్తుంది? ఇంజన్ కనీసం నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరగాలి, అంతకన్నా బాగా తగ్గితే ఆగిపోతుంది. మొదటి గేరులో ఆ చుట్లకు సరిపడే వేగం గంటకు దాదాపు 6 కిలోమీటర్లు. దానికన్నా నెమ్మదిగా పోవాలంటే ఇంజన్‌తో తిరిగే ఫ్లైవీల్, గేరుబాక్సు వైపు ఉన్న క్లచ్ ప్లేటు ఒకదానిమీద ఒకటి జారుతూ ఉండాలి. డ్రైవింగ్ స్కూలు భాషలో హాఫ్ క్లచ్ అంటే ఇదే. ఎడమ పాదం కింద అర అంగుళం మేర ఉండే ఆ చిన్న పరిధిలోనే టెస్టు సగం నడుస్తుంది. దీన్ని నేర్చుకోవడానికి పోల్స్ అవసరం లేదు. చదునైన ఖాళీ స్థలంలో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ను మెల్లగా వదులుతూ కారును పాకించి, ఆపి, మళ్లీ పాకించండి. పెడల్ ఏ ఎత్తుకు రాగానే ఇంజన్ చప్పుడు ఒక మెట్టు దిగుతుందో, సీటు కింద సన్నని వణుకు ఎక్కడ మొదలవుతుందో పాదానికి అర్థమవుతుంది. ఆ చోటు కారు కారుకీ మారుతుంది. అందుకే ఏ కారుతో టెస్టుకు వెళ్తారో దానితోనే చివరి సాధన చేయాలి.

ఎత్తు ట్రాక్‌లో ఈ పాదానికే అసలు పరీక్ష. పది మీటర్లకు ఒక మీటరు లేచే వాలు మీద వెయ్యి కిలోల కారును భూమి వెనక్కి లాగే బలం వంద కిలోల బరువుకు సమానం. ఒక క్వింటాలు బియ్యం బస్తాను తాడుతో కారు వెనక వేలాడదీసినట్టు. బ్రేకు మీద నుంచి యాక్సిలరేటర్ మీదకి కుడి పాదం మారే ఆ అర సెకనులో బస్తాను ఎవరూ పట్టుకోరు, కారు వెనక్కి జారుతుంది. కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే ఇంజన్ ఆగిపోతుంది. హ్యాండ్ బ్రేకు ఉన్నది ఈ అర సెకను కోసమే.

వరస ఇలా ఉంటుంది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టుకోండి. ఇంజన్ ఒకే శ్రుతిలో పలుకుతుండగా క్లచ్‌ను మెల్లగా వదలండి. ఒక చోట శ్రుతి దిగుతుంది, వెనక భాగం కొంచెం కుంగి బానెట్ రవ్వంత పైకి లేస్తుంది. చక్రాలకు చేరిన బలం హ్యాండ్ బ్రేకుతో పోటీ పడుతోందని దాని అర్థం. పాదాలు రెండూ అక్కడే ఆపేసి హ్యాండ్ బ్రేకు దించితే కారు వెనక్కి పోదు, ఒక క్షణం నిలబడి ముందుకు కదులుతుంది. బానెట్ లేవకముందే హ్యాండ్ బ్రేకు దించడం, లేచాక కూడా భయంతో దించకుండా క్లచ్‌ను ఇంకా వదలడం, ఈ రెండే సాధారణంగా జరిగే పొరపాట్లు. కొత్త కార్లు కొన్నింటిలో ఎత్తు మీద కొన్ని సెకన్లు బ్రేకును తనంతట తానే పట్టి ఉంచే ఏర్పాటు ఉంది. దాని మీద ఆధారపడి నేర్చుకుంటే ఆ ఏర్పాటు లేని కారు ఎక్కినరోజు కష్టం.

సాధన ఎక్కువైతే కాలిన వాసన వస్తుంది. ఆగివున్న కారును చదును నేల మీద క్లచ్ జార్చి కదిలించినప్పుడు కారుకి ఎంత చలనశక్తి చేరుతుందో, క్లచ్‌లో ఇంచుమించు అంత శక్తీ వేడిగా పోతుంది. ఎత్తు మీద ఇంకా ఎక్కువ. వాసన వస్తే అయిదు నిమిషాలు ఆగి, చదునులో కొంచెం దూరం నడిపి రావాలి. ఎత్తు మీద కారును హాఫ్ క్లచ్‌తో నిలబెట్టి ఉంచే అలవాటు అసలు చేసుకోకూడదు.

రెండు చక్రాల బండి మీద ఎనిమిది వెయ్యడం వేరే లోకం. కాలు కింద పెడితే టెస్టు పోయినట్టే. బండి పడిపోకుండా ఎందుకు నిలబడుతుందన్నది ఇంజనీర్లను నూరేళ్లకు పైగా వేధించిన ప్రశ్న. తిరిగే చక్రాల గైరోస్కోపిక్ గుణం వల్లనని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. ఆ గుణం, దానితోపాటు ముందు చక్రం వాలుగా ఈడ్వబడే గుణం రెండూ రద్దయ్యేలా ప్రత్యేకంగా చేసిన సైకిల్ కూడా మనిషి లేకుండా నిలదొక్కుకుంటుందని కోయిమాన్, మైయార్డ్, పాపడోపులోస్, రూయినా, ష్వాబ్ 2011లో సైన్స్ పత్రికలో చూపించారు. బండి ఎటు పడుతుంటే హ్యాండిల్ అటు తిరగడమే ముఖ్యం. వేగం ఉన్నప్పుడు బండి ఆ పని తనంతట తానే చేస్తుంది. ఎనిమిది వేసే వేగంలో చేయలేదు, మన చేతులే చేయాలి. నెమ్మదిగా పోయేకొద్దీ హ్యాండిల్‌ను ఎక్కువెక్కువ కదపాల్సి రావడం ఇందుకే.

అలాగని వేగం పెంచితే ఒరగాల్సి వస్తుంది. మూడు మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 10 కిలోమీటర్ల వేగానికి బండి సుమారు 15 డిగ్రీలు ఒరగాలి. 7 కిలోమీటర్లకు తగ్గితే 7 డిగ్రీలు చాలు. వేగం రెట్టింపైతే ఒరుగుకు కారణమైన బలం నాలుగు రెట్లవుతుంది. ఎనిమిది మధ్యలో గీతలు కలిసే చోట ఒక వైపు ఒరిగి ఉన్న బండి నిటారై రెండోవైపు ఒరగాలి. ఎక్కువమంది కాలు దించేది అక్కడే.

గేర్‌లెస్ స్కూటర్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వాటిలో క్లచ్ ఇంజన్ వేగాన్ని బట్టి తనంతట తానే పట్టుకుంటుంది, వదులుతుంది. మలుపులో భయపడి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే క్లచ్ విడిపోయి వెనక చక్రానికి పట్టు పోతుంది. బండి పడబోతోందని మళ్లీ తిప్పగానే క్లచ్ ఒక్కసారిగా పట్టుకుని ముందుకు ఎగురుతుంది. ఈ కుదుపుకే కాలు కిందికి వస్తుంది. దీనికి మందు, యాక్సిలరేటర్‌ను కొద్దిగా తెరిచి అలాగే ఉంచి, వేగాన్ని ఎడమ చేతి వెనక బ్రేకుతో అదుపు చేయడం. ముందు బ్రేకు మాత్రం హ్యాండిల్ తిరిగివున్నప్పుడు ముట్టుకోకూడదు. ఈ ఒక్క సంగతి ముందే చెబితే ఎంతోమంది ఆడవాళ్లు, పెద్దవయసువాళ్లు రెండోసారి స్లాట్ బుక్ చేసుకోవాల్సిన పని ఉండదు.

చేతులు, పాదాల తర్వాత కళ్లు. మన కంటిలో స్పష్టంగా చూసే భాగం చాలా చిన్నది, చేయి చాపి బొటనవేలు పైకెత్తి చూసుకుంటే ఆ గోరు కన్నా కాస్త పెద్ద మేర మాత్రమే. మిగతా దృశ్యమంతా మసకగానే ఉంటుంది, కళ్లు పరుగెత్తి నింపుతుంటాయి. కాబట్టి డ్రైవింగ్‌లో ఎప్పుడు ఎటు చూస్తున్నామన్నదే ముఖ్యం. మైకేల్ లాండ్, డేవిడ్ లీ 1994లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో, వంపు దారిలో డ్రైవర్లు వంపు లోపలి అంచు బయటికి ఉబ్బినట్టు కనిపించే బిందువును, వంపు మొదలవడానికి ఒకటి రెండు సెకన్ల ముందే చూడటం మొదలుపెడతారని గుర్తించారు. అంతకుముందు 1972లో మూరంట్, రాక్‌వెల్ కొత్త డ్రైవర్ల చూపును అనుభవం ఉన్నవాళ్ల చూపుతో పోల్చారు. కొత్తవాళ్లు తమ బండికి దగ్గరి నేలనే చూస్తారు, అద్దాలను తక్కువగా చూస్తారు. ఎస్ ట్రాక్‌లో టైరు కింద గీత ఎక్కడుందో వెతికేవాళ్లు ఎందుకు తడబడతారో దీన్నిబట్టి తెలుస్తుంది. టైరు దగ్గర కనిపించే గీతకు స్పందించే సమయం అప్పటికే దాటిపోయింది. ఎనిమిదిలోనూ అంతే. ముందు చక్రాన్ని చూస్తే చక్రం వణుకుతుంది. తల తిప్పి మలుపు అవతలి అంచును చూస్తే చేతులు ఆ దారి పట్టుకుంటాయి.

అద్దాల సంగతి క్లుప్తంగా. బయటి అద్దాలు ఉబ్బుగా ఉన్నవైతే వాటిలో బండ్లు ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తాయి. ఏ అద్దంలోనూ కనపడని మూల ఒకటి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కదిలేముందు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడటం తప్పదు. ఇది ఇన్‌స్పెక్టర్ మెప్పు కోసం చేసేది కాదు, ఆ మూలలో బైకు ఉండొచ్చు.

ఇంత తెలిశాక కూడా నేర్చుకునే తీరు సరిగా లేకపోతే ఫలితం ఉండదు. టెస్టుకు ముందు శని, ఆదివారాల్లో రోజుకు నాలుగేసి గంటలు తోలేసి సోమవారం వెళ్లేవాళ్లున్నారు. 1978లో బాడ్లీ, లాంగ్‌మన్ బ్రిటన్ తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పుతూ ఒక పోలిక చేశారు. రోజుకు ఒక గంట మాత్రమే నేర్చుకున్నవాళ్లు, రోజుకు రెండేసి గంటలు రెండుసార్లు కూర్చున్నవాళ్లకన్నా తక్కువ మొత్తం గంటల్లో పని పట్టుకున్నారు. కాకపోతే రోజులు ఎక్కువ పట్టడంతో అసంతృప్తి పడ్డదీ వాళ్లే. లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజుల వరకు టెస్టుకు రానివ్వరని విసుక్కునేవాళ్లు ఈ కోణంలో ఆలోచించాలి. ఆ నెల మొత్తం రోజుకు అరగంట చొప్పున వాడుకుంటే అది అడ్డంకి కాదు, పెట్టుబడి.

ఇంకో ప్రయోగం మన మూడో పోల్ బట్టీకి సూటిగా తగులుతుంది. 1979లో షియా, మోర్గన్ చేతి కదలికలు కొన్ని నేర్పారు. ఒక జట్టు ఒక్కో కదలికను వరసగా చాలాసార్లు చేసి తర్వాతిదానికి వెళ్లింది. రెండో జట్టు అన్నీ కలగలిపి చేసింది. సాధన సమయంలో మొదటి జట్టే మెరుగ్గా కనిపించింది. పది రోజుల తర్వాత పరీక్షిస్తే రెండో జట్టుకే ఎక్కువ గుర్తుంది. హెచ్‌లో ఇరవైసార్లు తిరిగి అంతా వచ్చేసిందనుకోవడం మొదటి జట్టు ధోరణి. ఒకసారి హెచ్, వెంటనే ఎత్తు, తర్వాత మామూలు వీధిలో కాస్త దూరం, మళ్లీ హెచ్. ఇలా చేస్తే ఆ రోజుకి తప్పులు ఎక్కువ కనిపిస్తాయి కానీ నేర్చుకున్నది నిలుస్తుంది.

టెస్టు రోజు చేతులు వణకడం గురించి కూడా మనస్తత్వ శాస్త్రంలో గట్టి పరిశోధనే ఉంది. అలవాటైన పనిని ఒత్తిడిలో మళ్లీ అంగం అంగం గమనించుకోవడం మొదలుపెడితే ఆ పని చెడుతుంది. బైలాక్, కార్ అనే పరిశోధకులు 2001లో గోల్ఫ్ ఆటతో చేసిన ప్రయోగాలు దీన్ని సమర్థించాయి. పక్కన ఇన్‌స్పెక్టర్ కూర్చోగానే పాదం ఎంత ఎత్తులో ఉందో ఆలోచించకండి. బానెట్ లేచిందా, చప్పుడు దిగిందా అన్నదాని మీద మనసు పెట్టండి.

టెస్టు అడగని ప్రశ్న ఒకటుంది, అది చెప్పకుండా ఉండలేను. మన ట్రాక్ పరీక్ష దాదాపు మొత్తం నడక వేగంలో జరుగుతుంది. రోడ్డు మీద మనుషులు చనిపోయేది ఆ వేగంలో కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న కారు, అపాయం చూసి బ్రేకు తొక్కేలోపు ఒక సెకనులో 14 మీటర్లు పోతుంది, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 14 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో ఆ మొత్తం 28 నుంచి 57 మీటర్లకు పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు దాటితే ఆగే దూరం రెట్టింపయింది. బ్రిటన్ 2002 నుంచి టెస్టులో రోడ్డు వీడియోలు చూపించి, అపాయం ముదరకముందే ఎంత త్వరగా గుర్తిస్తున్నారో కొలుస్తోంది. ఆగివున్న బస్సు ముందు నుంచి పిల్లవాడు దాటొచ్చునని బస్సు కనపడగానే ఊహించే ఆ నేర్పును మన టెస్టులోనూ కొలవాలి. అప్పటిదాకా పక్క సీట్లో కూర్చుని ప్రయాణించే ప్రతిసారీ ముందున్న బండి ఏం చేయబోతోందో మనసులోనే చెప్పుకుంటూ పోవడం మంచి సాధన. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

టెస్టు తప్పితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది కాబట్టి మొదటి ఏడు రోజుల విషయంలో హడావుడి పడక్కర్లేదు. ఎక్కడ తప్పిందో అదే రోజు కాగితం మీద రాసుకోండి. పోల్ తగిలిందా, ఇంజన్ ఆగిందా, కాలు దిగిందా అన్నదే కాకుండా, అంతకు ముందు రెండు సెకన్లలో కళ్లు ఎటున్నాయి, పాదం ఎక్కడుంది అన్నది కూడా. తర్వాత పక్కన లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకుని, ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టుకుని, గీతలూ పోల్సూ లేని ఖాళీ స్థలంలో మొదటి రెండు రోజులు హాఫ్ క్లచ్ మీద పాకించడమే చేయండి. మూడో రోజు నుంచి రెండు ఇటుకలు పెట్టుకుని వాటి మధ్యలోకి రివర్స్ చేయండి. రోజుకో చోట, రోజుకో దూరంలో ఇటుకలు మార్చండి.